విలన్‌గారి తోక

బల్లి సినిమా చూడ్డం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. టిక్కెట్టు కొనకుండా, క్యూలో నిలబడకుండా, ఏకంగా తెరమీదికే ఎక్కి చూసింది!

మా తణుకులో, నా చిన్నతనం మాట ఇది. సెకండ్ షో. బెంచీ క్లాసులో ముందు వరసలో నాన్నగారి పక్కన నేను. తెరనిండా హీరోయిన్ క్లోజప్. కళ్లల్లో నీళ్లు. హాలంతా నిశ్శబ్దం. అలాంటి సమయంలో ఆవిడ చెంపమీద నల్లగా ఏదో కదిలింది. కాటుక కలిసిన కన్నీటి చుక్క అనుకున్నాం. కానీ ఆ చుక్క కిందికి జారాల్సింది పోయి, పైకి పాకడం మొదలుపెట్టింది! అది బల్లి. తెర వెలుతురుకి మూగిన పురుగుల కోసం వచ్చింది పాపం. హీరోయిన్ ముక్కుమీద ఓ పురుగును గుటుక్కున మింగేసి, నుదుటిమీదుగా చీకట్లోకి నిష్క్రమించింది. "ఒన్స్‌మోర్!" అని వెనకనుంచి ఎవరో కేక పెట్టారు. ఆ ఏడుపు సీనుకి హాలంతా గొల్లున నవ్వింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్లలో బల్లికి ఎవరూ తిండి పెట్టరు. ఇల్లు కట్టరు. దాని పాట్లేవో అదే పడుతుంది. అలాంటిది ఓ బల్లి పిల్లకి గ్రాముల లెక్కన భోజనం పెట్టి, డిగ్రీల లెక్కన చల్లదనం చూసి, రాత్రయ్యేసరికి పెళ్లివారిమీద పన్నీరు చల్లినట్టు నీళ్లు చల్లే పని నాకు పడుతుందని ఆ రోజున ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

పడింది. అమెరికాలో నేను చేసిన మొదటి ఉద్యోగమూ, ఆఖరి ఉద్యోగమూ అదే!

సంగతేమిటంటే, 2023లో నా ఎం.ఎస్. చదువు పూర్తయింది. డిగ్రీ చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి అక్కడ ఓపీటీ అని ఒక అవకాశం ఇస్తారు. దానికో మెలిక ఉంది. మొత్తంమీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే ఆ అవకాశం చెల్లిపోతుంది. పెట్టె సర్దుకోవాలి. అంచేత ఇర్వింగ్‌లో మా అక్కా బావగార్ల ఇంట్లో మకాం పెట్టి, పొద్దున్న దరఖాస్తులు పెట్టడం, సాయంత్రం 'సారీ' ఉత్తరాలు చదువుకోవడం, రాత్రి రోజులు లెక్కపెట్టుకోవడం, ఇదీ నా దినచర్య. ఇర్వింగంటే డాలస్ పక్కనే. తెలుగువాళ్లు దండిగా ఉన్న ఊరు. అమ్మ కూడా తణుకునుంచి ఆరు నెలలకని వచ్చి ఉంది.

మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. వాడి పుట్టినరోజుకి బావగారు "ఏం కావాలో కోరుకో" అన్నారు. సినిమాల్లో దేవుడు ప్రత్యక్షమై అన్నట్టు అన్నమాట! అలాంటి వరాలు ఇచ్చేముందు ఆలోచించుకోవాలని మన పౌరాణిక చిత్రాలన్నీ చెబుతూనే ఉన్నాయి. వాడు సైకిలు అడుగుతాడనుకున్నాం. బల్లి అడిగాడు.

"బల్లేవిట్రా!" అంది అమ్మ.

"బల్లి కాదు అమ్మమ్మా, క్రెస్టెడ్ గెకో!"

"ఏ పేరు పెట్టినా బల్లి బల్లే. తణుకులో ఇంట్లో బల్లి కనబడితే చీపురు తీస్తాం. మీరేమో డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారు!"

అమ్మ భయం అమ్మది. పంచాంగం వెనక పేజీల్లో బల్లిపాటు ఫలితాలు చదివి పెరిగిన మనిషి. తలమీద పడితే ఒక ఫలం, భుజమ్మీద పడితే ఒక ఫలం, మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. కంచి వరదరాజస్వామి కోవెల్లో బంగారు బల్లినీ వెండి బల్లినీ ముట్టుకుంటే ఆ దోషాలన్నీ పోతాయంటారు. అమ్మ ఎప్పుడో ముట్టుకుని వచ్చింది. "నాకు ఫరవాలేదు, మీ సంగతి చూసుకోండి" అని చివరికి ఒప్పుకుంది.

వచ్చింది బల్లి పిల్ల. బరువు 4 గ్రాములు. అంటే మన రూపాయి బిళ్లకంటే కాస్త ఎక్కువ. పసుపు ఒళ్లు, వెడల్పాటి తల. కళ్లపైన వెంట్రుకల్లా కనిపించే చిన్న చిన్న మొనలు. పాతకాలం హీరోయిన్లు పొడుగాటి కనురెప్పలు అతికించుకునేవాళ్లే, అచ్చం అలాగ! తీరా చూస్తే అసలు కనురెప్పలే లేవు. రెప్ప వెయ్యలేదు కాబట్టి నాలుక చాపి కళ్లు తుడుచుకుంటుంది. దేవతలకి రెప్పపాటు ఉండదనీ, దమయంతి స్వయంవరంలో ఆ గుర్తుతోనే దేవతల్ని వేరుచేసి నలుణ్ణి పోల్చుకుందనీ అమ్మ కథ చెప్పింది.

"అయితే ఇది కూడా దేవతేనా అమ్మమ్మా?"

"దేవతలు నాలికతో కళ్లు నాక్కోర్రా!"

పేరు పెట్టడంలో నా పాపం కూడా కొంత ఉంది. అంతకుముందు వారమే వాడికి 'ఈగ' చూపించాను. 2012లో రాజమౌళిగారు తీసింది. ఈగ హీరో అయితే, ఈగని చంపాలని చూసేవాడు విలన్. మావాడి తర్కం సూటిగా ఉంది: "ఇది పురుగుల్ని తింటుంది. ఈగ దొరికితే ఈగనీ తింటుంది. కాబట్టి ఇది విలన్!" ఆ పేరే స్థిరపడింది. అమ్మ మాత్రం ఎవరినీ మర్యాద తప్పి పిలవదు కదా, "విలన్‌గారు లేచారా?" అని అడిగేది.

విలన్‌గారి ఫ్లాష్‌బ్యాక్ కూడా సినిమా కథే సుమండీ! ఆస్ట్రేలియాకి తూర్పున పసిఫిక్ సముద్రంలో న్యూ కాలెడోనియా అని ఫ్రెంచివారి ఏలుబడిలోని దీవులున్నాయి. ఈ జాతి పుట్టిల్లు అదే. 1866లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని మొదటిసారి లోకానికి పరిచయం చేశాడు. తర్వాత చాలాకాలం ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1994లో ఒక తుపాను తర్వాత మళ్లీ కనిపించింది! ఇంటర్వెల్‌కి ముందు చచ్చిపోయాడనుకున్న పాత్ర సెకండాఫ్‌లో తలుపు తోసుకుని వచ్చినట్టు! ఇప్పుడు ఆ దీవులనుంచి వీటిని బయటికి తీసుకుపోనివ్వరు. కొట్లలో అమ్మేవన్నీ ఇళ్లలో పెంచినవాటి సంతానమే. అడవిలో ఉన్నవాటికి మాత్రం కష్టకాలమే. బయటినుంచి వచ్చిపడ్డ ఒక రకం నిప్పుచీమలు వాటి ప్రాణాలమీదికి తెస్తున్నాయి.

ఇక ఇంటి సంగతి. చిన్నపిల్లను పెద్ద మేడలో పెడితే దానికి భోజనం ఎక్కడుందో తెలియదట. అందుకని మొదట గాలి కన్నాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా. ఆ తర్వాత అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టి. వెడల్పుకంటే ఎత్తు ముఖ్యం. ఎందుకంటే ఇది నేలమీద తిరిగే శాల్తీ కాదు, చెట్లమీద కాపురం. కింద ఇసకా మట్టీ పోస్తే తిండితోపాటు మింగేస్తుందని, చేతులు తుడుచుకునే కాగితం పరిచాం. మురికైతే తీసి కొత్తది వేయడమే. ఎక్కడానికి కొమ్మలు, పగలు దాక్కోడానికి బెరడు గొట్టం. పచ్చదనానికి ఒక మొక్క కావాలన్నాడు మావాడు. కొట్టువాడు ఇచ్చింది చూసి అమ్మ ముఖం వికసించింది. మనీప్లాంటు! మా తణుకింట్లో వరండా గ్రిల్లుకి అల్లుకున్న తీగే! "దీనికి డబ్బులు తీసుకున్నాడట్రా?" అని ఆశ్చర్యపోయి, వెంటనే, "పోన్లే, మన ఊరి చెట్టుకిందే ఉంటుంది" అని తృప్తిపడింది.

వేడి 72 నుంచి 78 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. అంటే మన లెక్కలో 22 నుంచి 26 డిగ్రీలు. 82 దాటిందంటే ప్రమాదం. రాత్రిపూట తొట్టిలో నీళ్లు తుంపర్లుగా కొట్టాలి. ఆకులమీద నిలిచిన బొట్లు నాకి దాహం తీర్చుకుంటుంది. తెల్లవారాక తొట్టి ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది, మరీ ఎండిపోతే కుబుసం సరిగ్గా ఊడదు. వేళ్ల కొసల్లో, తోక చివర చిక్కుకుపోతుంది.

భోజనం దగ్గరికొద్దాం. 1993లో వచ్చిన 'రాజేంద్రుడు గజేంద్రుడు' చూశారు కదూ? ఏనుగుకి తిండి పెట్టడానికి రాజేంద్రప్రసాద్ పడిన పాట్లు! ఏనుగుతో బాధ ఎక్కువ తినడం. 4 గ్రాముల ప్రాణితో బాధ ఏమిటంటే, తిన్నదో లేదో తెలియకపోవడం.

దీనికోసం తయారుచేసిన పొడి అమ్ముతారు. పండ్లు, పురుగులు, విటమిన్లు, సున్నం అన్నీ కలిసిన పొడి. ఒకవంతు పొడికి రెండువంతుల నీళ్లు కలిపితే పలచటి చట్నీలా అవుతుంది. సీసా మూతలో పోసి, తొట్టిలో పైన ఒక అరమీద పెట్టాలి. మర్నాడు మిగిలింది పారేసి మళ్లీ కొత్తది కలపాలి. పిల్లదశలో ఇది రోజూ. వారానికి రెండు మూడుసార్లు చిన్న కీచురాయి పిల్లలు. వాటి సైజుకో లెక్క. బల్లి రెండు కళ్ల మధ్య ఉన్న దూరంకంటే పెద్దవి కాకూడదు. వాటిని సున్నం, విటమిన్ డి ఉన్న పొడిలో దొర్లించి వదలాలి. శనగపిండిలో మిరపకాయ ముంచినట్టే! ఆ సున్నం అందకపోతే పిల్లకి ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుందట.

"మామిడిపండు రసం పెట్టరా, లొట్టలేసుకుని తింటాడు" అంది అమ్మ. నిజమే, అడవిలో ఇవి మగ్గిన పండ్లు తింటాయి. ఎప్పుడో ఓ చుక్క ఫరవాలేదు. కానీ ఆ తీపి మరిగితే పొడి ముట్టదు, ఉత్త పండుతో ఎముక గట్టిపడదు. అన్నం మానేసి పకోడీలు తినే పిల్లాడి సంగతే.

మొదటి మూడు రోజులు విలన్‌గారు మూత ముట్టలేదు. నాకు కంగారు. కొత్త చోటికి వచ్చిన పిల్ల కొన్నాళ్లు అలాగే ఉంటుందనీ, రెండు వారాలదాకా చేత్తో తాకకూడదనీ మావాడు నాకు ధైర్యం చెప్పాడు. తిన్నదో లేదో తెలియాలంటే మూత చూసి లాభం లేదు, రెట్ట చూడాలి! రోజూ పొద్దున్నే లేచి, ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని, గాజు తొట్టిలో రెట్ట వెతికే ఇంజనీరును ఊహించుకోండి. నాలుగో నాడు కాగితం మీద కనబడింది. ఇంటర్వ్యూ కాల్ వచ్చినంత సంబరపడ్డాను.

ఆ వారం నిజంగానే ఒక ఇంటర్వ్యూ కాల్ వచ్చింది కూడా. పోయింది.

ఇంతలో ఓ కీచురాయి పిల్ల తప్పించుకుని ఫ్రిజ్జు వెనక చేరింది. పిల్లగా ఉన్నన్నాళ్లు నోరెత్తలేదు. నెల దాటాక రెక్కలొచ్చినట్టున్నాయి, ఒక రాత్రి కీచుమంటూ కచేరీ మొదలుపెట్టింది. అక్క చెప్పు తీసింది. అమ్మ అడ్డుపడింది. "ఉండనీవే. గోస్తనీ గట్టు గుర్తొస్తోంది." ఆ రాత్రి ఎవరమూ మాట్లాడకుండా వంటింట్లో కాసేపు కూర్చున్నాం. నా లెక్కలో అది 61వ రోజు.

జులైలో మావాడు వారం రోజుల క్యాంపుకి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఒక నోటుపుస్తకం నా చేతిలో పెట్టాడు. ప్రతి ఆదివారం తూచిన బరువు, కుబుసం విడిచిన తేదీ, తిన్న కీచురాళ్ల లెక్క, అన్నీ వాడి వంకర అక్షరాల్లో. వెళ్లే రోజున బరువు 6.1 గ్రాములు. మొదటి పేజీలో నిబంధనలు. మొట్టమొదటిది: తోక పట్టుకోవద్దు. దానికింద రెండు గీతలు.

"మావయ్యా, నీకు జాబ్ లేదు కదా, నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా" అన్నాడు. వెక్కిరింత కాదు. ఇంట్లో ఉండేవాడు దొరికాడన్న నిశ్చింత వాడిది. అయినా గుచ్చుకుంది. సరే, ఈ ఒక్క ఉద్యోగమైనా సరిగ్గా చేసి చూపిద్దామనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం. బయట ఎండ 100 ఫారన్‌హీట్ దాటింది. అక్కా బావగారూ ఆఫీసుల్లో ఉన్నారు. వీధి చివర ఢామ్మని చప్పుడు. కరెంటు పోయింది. మన ఊళ్లో అయితే విసనకర్ర తీసి వరండాలోకి వస్తాం. అక్కడి ఇళ్లు అలా కాదు, ఏసీ ఆగితే మూత పెట్టిన గిన్నే. రెండు గంటలయ్యేసరికి మేడమీద గదిలో తొట్టికి అంటించిన థర్మామీటరు 82. పావుగంటలో 84. విలన్‌గారు బెరడు గొట్టంలోంచి బయటికొచ్చి నోరు తెరిచి ఉన్నారు.

నా కాళ్లల్లో వణుకు. అమ్మ మాత్రం తాపీగా కొంగు బిగించింది. "ఎండాకాలం మనకు కొత్తేంట్రా? తడిబట్ట కట్టు!" మా ఇంట్లో వేసవికి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు కొట్టేవాళ్లం. గాలి ఆ తడిలోంచి వస్తే చల్లబడుతుంది. కింద ఉత్తరం వైపు స్నానాల గది, పలకల నేల, ఇంటిమొత్తంమీద చల్లటి చోటు అదే. అక్కడ తడి తువ్వాలు కట్టాం. ఫ్రిజ్జులో మిగిలిన చల్లటి నీళ్ల సీసాలకి గుడ్డ చుట్టాం. ఇక విలన్‌గార్ని కిందికి దించాలి. గాజు తొట్టి బరువు. మెట్లమీద జారితే? పాత ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి తీసుకెళ్దామనుకున్నాను.

చెయ్యి ముందు పెట్టి, వెనకనుంచి మెల్లగా తోస్తే అదే ఎక్కుతుందని మూడో నిబంధనలో రాసి ఉంది. చదివాను కూడా. కానీ చెమటలు, కంగారు. చెయ్యి పెట్టగానే అది గెంతింది. తొట్టి అంచుమీంచి నేలకి పడబోతోంది. పట్టుకున్నాను. దేన్ని పట్టుకున్నానో చూసుకోలేదు.

విలన్‌గారు డబ్బాలో పడ్డారు. తోక నా వేళ్లమధ్య ఉండిపోయింది. ఒక్క క్షణం గిలగిలలాడి, జారి, సరాసరి అమ్మ పాదంమీద పడింది. అక్కడ కూడా మెలికలు తిరుగుతూనే ఉంది.

అమ్మ కదల్లేదు. చాలాసేపటికి, "బల్లి పడితే ఫలం రాశారు గానీ, తోక పడితే ఏంటో రాయలేదురా" అంది.

కిందికి తీసుకెళ్లాం. తడి తువ్వాలుమీద అమ్మ అట్టముక్కతో విసురుతూనే ఉంది. మూడుగంటలు. వేడి 79కి దిగింది. సాయంత్రం ఏడింటికి కరెంటొచ్చింది. ప్రాణం దక్కింది. గాయంలో నెత్తురు కూడా పెద్దగా రాలేదు. తెగిన చోట కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయట. శుభ్రమైన కాగితం మార్చుతూ, కదిలించకుండా ఉంచితే చాలు.

"దిగులు పడకు. బల్లి తోక మళ్లీ వస్తుంది" అంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను. మన గోడ బల్లులకి వస్తుంది కదా. పిల్లి తోక కొరికేసిన బల్లి కొన్నాళ్లకి కొత్త తోకతో తిరుగుతుంది. లోపల ఎముక బదులు మృదులాస్థి ఉంటుంది, రంగు కొంచెం తేడాగా ఉంటుంది, అంతే. నిశ్చింతగా ఆ రాత్రి వివరాలు చదవడానికి కూర్చున్నాను. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను.

క్రెస్టెడ్ గెకోకి తోక ఒకసారి పోతే మళ్లీ రాదు. ఎప్పటికీ రాదు.

పైగా దానికి తోక ఊరికే అలంకారం కాదు. కొమ్మకి చుట్టుకుంటుంది. చివర్లో, వేళ్లకిందున్నట్టే అంటుకునే మెత్త ఉంటుంది. అది దాని ఐదో చెయ్యి. నేను విరిచింది చెయ్యి!

ఇప్పుడు నా నీచబుద్ధి చెప్పాలి. మనం సినిమాలు చూసి పెరిగినవాళ్లం. హీరోకి బదులు డూప్‌ని దూకిస్తారని తెలిసినవాళ్లం. మర్నాడు పొద్దున్నే పెంపుడు జంతువుల కొట్టుకి వెళ్లాను. గాజు పెట్టెల్లో పసుపు పిల్లలు వరసగా ఉన్నాయి. ఒకటి అచ్చం మన విలన్‌గారిలాగే ఉంది. అదే రంగు, అదే సైజు. తోక కూడా ఉంది. జేబులో డబ్బూ ఉంది. మావాడు రావడానికి ఇంకా మూడు రోజులుంది. వాడు గమనించకపోవచ్చు. గమనించినా, కుబుసం విడిచిందనో, రంగు మారిందనో చెప్పొచ్చు. రాత్రిపూట వీటి రంగు ముదురుతుంది కూడా.

కొట్టబ్బాయి దాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు. ఆ డూప్ నావైపు చూసి, నాలుక చాపి కన్ను తుడుచుకుంది. నాకు స్నానాల గదిలో కాగితంమీద మొండిగా పడుకున్న అసలు మనిషి గుర్తొచ్చాడు. వాణ్ణేం చెయ్యాలి? ఎక్కడ పారెయ్యాలి? ఆ ప్రశ్న దగ్గర సిగ్గేసింది. ఒక సీసా సున్నం పొడి కొనుక్కుని ఇంటికొచ్చాను.

శనివారం మావాడు వచ్చాడు. బ్యాగు దింపకుండానే మేడెక్కబోయాడు. మెట్లమీదే ఆపాను. "కరెంటు పోయింది. వేడెక్కిపోయింది. కిందికి తెస్తుంటే నేను తోక పట్టుకున్నాను. ఊడిపోయింది. మళ్లీ రాదు." ఇంటర్వ్యూల్లో కూడా ఇంత కష్టపడి నాలుగు వాక్యాలు మాట్లాడలేదు నేను.

వాడు ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పైకి వెళ్లి, తలుపేసుకుని, తూకం తీశాడు. 5.5 గ్రాములు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నోటుపుస్తకం నా గదిలో బల్లమీద ఉంది. అందులో కొత్త పంక్తులు: తోక లేదు. కారణం, మావయ్య. ఆ రోజు వేడి, 84. మావయ్య తర్వాత, 79.

ఆ చివరి రెండు అంకెల్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను.

ఆ రాత్రి మూతలో పొడి కలుపుతుంటే పక్కన వచ్చి నిలబడ్డాడు. "నీళ్లు ఎక్కువ పోశావు" అన్నాడు. మాట్లాడాడు, అది చాలు.

ఉద్యోగం రాలేదు. రోజులు నిండాయి. ఆగస్టులో పెట్టె సర్దాను. విమానాశ్రయంలో వాడు నా చెవిలో అన్నాడు: "మావయ్యా, అడవిలో పెద్దవాటికి చాలావాటికి తోకే ఉండదట. ఎప్పుడో ఊడిపోతుందట. అయినా చెట్లెక్కుతాయట." అది నిజమే, తర్వాత నేనూ చదివాను. అప్పుడు మాత్రం జవాబు చెప్పడానికి గొంతు పెగల్లేదు.

ఇప్పుడు తణుకులోనే చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాను. ఊళ్లో కుర్రాళ్లు ఫోనులో విలన్‌గారి ఫొటో చూసి "గురూ, మనమూ ఒకటి తెప్పిద్దామా?" అంటారు. వద్దంటాను. మన వేసవి 40 దాటుతుంది, వాడికి 28 దాటితేనే గండం. ఏడాది పొడుగునా ఏసీ ఆగకూడదు. పైగా సరదా తీరగానే వదిలేసేది కాదు, జాగ్రత్తగా చూస్తే పదిహేనూ ఇరవయ్యేళ్లు బతుకుతుంది. పోనీ ఊళ్లో దొరికే చిలకనో, నక్షత్ర తాబేలునో తెచ్చుకుందామంటే అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చూసి ఆనందించాలంటే మన గోడమీద ఉన్నవి ఉన్నాయి కదా!

ప్రతి ఆదివారం వీడియో కాల్ వస్తుంది. అక్కడ పొద్దున్న, ఇక్కడ రాత్రి. మొన్నవారం నేను వరండాలో కూర్చుని ఉంటే వెనక ట్యూబులైటు దగ్గర బల్లి కనబడిందట వాడికి.

"మావయ్యా, దాని తోక రంగు వేరేగా ఉందేంటి?"

"ఒకసారి తెగింది. మళ్లీ వచ్చింది. రంగు కలవలేదు."

"దానికి ఏం పెడతారు?"

"ఏమీ పెట్టం. సాయంత్రం లైటు వేస్తాం. అంతే."

"టెంపరేచర్?"

"32."

"అమ్మో!" అన్నాడు. తర్వాత ఫోను తొట్టివైపు తిప్పాడు. విలన్‌గారు ఇప్పుడు 27 గ్రాములు. వెనక మొండి. మనీప్లాంటు ఆకుమీద కూర్చుని, చాలాసేపు ఎదురుగా ఉన్న కొమ్మకేసి చూశారు. గెంతారు. వెనక్కాలు జారింది. ఒక్క క్షణం గాల్లో వేలాడారు.

పట్టుకున్నారు.